పల్నాడు బోరు నీటికి తగిన ఉత్ప్రేరకం ఏది?

నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల వైపు వెళ్తుంటే దారిలో చాలా ఊళ్లలో మంచినీళ్ల ప్లాంటు ఒకటి కనిపిస్తుంది. రేకుల షెడ్డు, లోపల పొడుగాటి తెల్లటి గొట్టాలు, బయట వరసగా 20 లీటర్ల క్యాన్లు. ముందున్న కుళాయిలోంచి తియ్యటి నీళ్లు క్యాన్లలోకి పడుతుంటాయి. షెడ్డు వెనక గోడలోంచి ఇంకో గొట్టం బయటికి వచ్చి, పక్కనున్న మురుగుకాలువలోకి ఆగకుండా పోస్తూ ఉంటుంది. దానివైపు ఎవరూ చూడరు. ఆ గొట్టం మూతి చుట్టూ గోరుతో గీకినా రాలని తెల్లటి పొర పేరుకుని ఉంటుంది. అది సున్నం, కంటికి కనిపిస్తుంది. దాని వెంటే కంటికి కనిపించని నైట్రేట్ (నత్రజనీ ఆక్సిజనూ కలిసిన, నీటిలో కరిగే అయాను) కూడా పోతుంటుంది. క్యాన్లలోకి వెళ్లకుండా వడపోత పొర అడ్డుకున్న నైట్రేటంతా ఈ వెనక గొట్టంలోంచే కాలువకు చేరి, తిరిగి నేలలోకి ఇంకిపోతుంది.

ఆ నైట్రేట్‌ను పారబోయకుండా కరెంటు సాయంతో అమోనియాగా మార్చుకోవచ్చా అన్నది ఇప్పుడు ప్రపంచమంతటా రసాయన శాస్త్రవేత్తలు తలమునకలుగా పనిచేస్తున్న ప్రశ్న. ఆ మార్పును వేగవంతం చేసే పదార్థం, అంటే ఉత్ప్రేరకం, కోసం రాగి, నికెల్, కోబాల్ట్, ఇనుము, రుథేనియం ఇలా లోహం తర్వాత లోహాన్ని పరీక్షిస్తున్నారు. ఫలితాలు అద్భుతంగా ఉన్నాయి. అయితే ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం జరుగుతున్నది ప్రయోగశాలలో ప్రత్యేకంగా కలిపిన నీటిలో. ఏ లోహం మంచిదో తేల్చే ముందు అది ఏ నీటిలో పనిచేయాలో తేల్చుకోవాలి. గుంటూరు, పల్నాడు ప్రాంతపు నీటిని ముందు పెట్టుకుని ఆలోచిస్తే ఈ మాట ఎంత ముఖ్యమో లెక్కలతో సహా తెలుస్తుంది.

ముందుగా సమస్య ఎంతటిదో చూద్దాం. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించకూడదని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 50. అంతకు మించిన నీటితో పాలపొడి కలిపి పట్టిస్తే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని కోల్పోయి, ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. కేంద్ర భూగర్భ జల మండలి 2024 వార్షిక నివేదిక ప్రకారం దేశవ్యాప్తంగా సేకరించిన నమూనాల్లో సుమారు 20 శాతం 45 మిల్లీగ్రాముల గీత దాటాయి. నైట్రేట్ తీవ్రత ఎక్కువగా ఉందని ఆ నివేదిక ప్రత్యేకంగా పేర్కొన్న 15 జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఉన్న పేరు పల్నాడు. 2022 ఏప్రిల్ వరకూ ఇది ఉమ్మడి గుంటూరు జిల్లాలో భాగమే. విజయవాడ, గుంటూరు నగరాల కుళాయిల్లో వచ్చేది కృష్ణ నీరు కాబట్టి నగరవాసులకు ఈ బాధ అంతగా తెలియదు. బోరు మీద ఆధారపడిన మెట్ట ఊళ్లకే తెలుసు.

నైట్రేట్ బోరులోకి ఎలా చేరుతుంది? మిరప, పత్తి చేలలో చల్లిన యూరియా నేలలో కొద్ది రోజుల్లోనే అమ్మోనియంగా మారుతుంది. ఆపైన ఒక జాతి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా (నైట్రేట్ కంటే ఒక ఆక్సిజన్ తక్కువ ఉన్న రూపం), మరో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియం అయానుకు ధన విద్యుదావేశం ఉంటుంది. రుణావేశం ఉన్న బంకమట్టి రేణువులు దాన్ని పట్టి ఉంచుతాయి. నైట్రేట్‌కు ఉన్నది రుణావేశం. నల్లరేగడి ఎంత జిగటగా ఉన్నా దాన్ని ఆపలేదు; వానకో, తడికో కరిగి కిందికి జారిపోతుంది. డెల్టాలో వరి మడులు నీళ్లతో నిండి ఉంటాయి కాబట్టి, గాలి ఆడని ఆ బురదలో బాక్టీరియా చాలా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తుంది. మెట్ట చేలకు ఆ వెసులుబాటు తక్కువ. ఊళ్లలోని పెంటదిబ్బలు, మరుగుదొడ్ల గుంతలు కూడా తమ వంతు కలుపుతాయి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. ఎరువు రూపంలో వచ్చి బోరులో చేరిన ఈ నత్రజని ఒకప్పుడు అమోనియానే. యూరియాను తయారు చేసేదే అమోనియాతో. 1909లో ఫ్రిట్జ్ హేబర్ చేసి చూపించి, 1913లో కార్ల్ బోష్ జర్మనీలోని ఓపావులో ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చిన పద్ధతిలో, 400 నుంచి 500 డిగ్రీల వేడిలో, వాతావరణ పీడనానికి 150 రెట్లకు పైబడిన ఒత్తిడిలో గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలుపుతారు. మన దేశంలో ఆ హైడ్రోజన్ ఎక్కువగా సహజవాయువు నుంచి వస్తుంది. అంత ఇంధనం తగలబెట్టి తెచ్చుకున్న అమోనియాలో సగానికి పైగా పంటకు అందకుండా నీటిలోకీ గాలిలోకీ పోతోంది. దాన్ని తిరిగి పట్టుకోవాలన్న ఆలోచన సహజమైనదే.

పట్టుకోవడం తేలికేనని మొదట అనిపిస్తుంది కూడా. గాలిలోని నత్రజని అణువులో రెండు పరమాణువుల మధ్య మూడు బంధాలు పెనవేసుకుని ఉంటాయి. వాటిని తెంచడానికి మోలుకు 941 కిలోజౌళ్లు కావాలి. నైట్రేట్‌లో నత్రజనికీ ఆక్సిజన్‌కూ మధ్య బంధానికి 204 సరిపోతాయి. పైగా నైట్రేట్ నీటిలో చక్కగా కరుగుతుంది, నత్రజని వాయువు దాదాపు కరగదు. అందుకే గాలిలోని నత్రజనిని గది వేడిమిలో కరెంటుతో నేరుగా అమోనియాగా మార్చాలని ఏళ్ల తరబడి ప్రయత్నించి విసిగిన పరిశోధకుల్లో చాలామంది నైట్రేట్ వైపు మళ్లారు.

కానీ చిక్కు ఎలక్ట్రాన్ల లెక్కలో ఉంది. గాలి నత్రజని నుంచి ఒక అమోనియా అణువు తయారవడానికి 3 ఎలక్ట్రాన్లు చాలు. నైట్రేట్ నుంచి అయితే 8 కావాలి, ఎందుకంటే ముందు మూడు ఆక్సిజన్లను ఊడదీయాలి. 2 వోల్టుల దగ్గర, ఒక్క ఎలక్ట్రాను కూడా వృథా కాకుండా పనిచేసే విద్యుద్రసాయన ఘటాన్ని, అంటే కరెంటుతో చర్య జరిపే పాత్రను, ఊహించుకున్నా కిలో అమోనియాకు 25 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. పాత పద్ధతిలో నడిచే మంచి ఫ్యాక్టరీ కిలోకు 8 నుంచి 10 యూనిట్లకు సమానమైన శక్తితో అదే పని చేస్తుంది. కాబట్టి నైట్రేట్ మార్గం ఎరువుల ఫ్యాక్టరీలకు ప్రత్యామ్నాయం అవుతుందన్న ప్రచారాన్ని నమ్మకపోవడమే మంచిది. దీని విలువ నీటిని శుభ్రం చేయడంలో ఉంది. అమోనియా దానితోపాటు దక్కే ఫలం.

రాగి మొదలుపెట్టి ఆగిపోయే చోటు

ఉత్ప్రేరకం చేయవలసిన పనిని దశలుగా చూస్తే లోహాల గుణగణాలు అర్థమవుతాయి. నైట్రేట్ అయాను చదునుగా, మూడు వైపులా సమానంగా ఉంటుంది. అలాంటిది లోహపు ఉపరితలాన్ని అంత తేలిగ్గా అంటుకోదు. దాన్ని పట్టి మొదటి ఆక్సిజన్‌ను లాగేసి నైట్రైట్‌గా మార్చడమే చాలా లోహాల మీద అన్నిటికంటే నెమ్మదైన దశ. రాగిలోని డి-ఎలక్ట్రాన్ల శక్తిస్థాయి, నైట్రేట్‌లో ఎలక్ట్రాన్లను స్వీకరించే ఖాళీ స్థాయికి దగ్గరగా ఉంటుంది. అందువల్ల రాగి ఈ మొదటి పనిని ఇతర చవక లోహాలకంటే చురుగ్గా చేస్తుంది. అందుకే ఈ రంగంలో ఎవరు మొదలుపెట్టినా రాగితోనే మొదలుపెడతారు.

ఆ రాగి రేకును దగ్గరగా చూడడం బాగుంటుంది. మంట మీద కాల్చితే పైన నల్లటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాన్ని నైట్రేట్ ఉన్న నీటిలో ముంచి రుణధ్రువంగా కలిపితే, ఆ నలుపు కొద్దిసేపట్లో విరిగి మసకబారిన ఇటుక రంగులోకి తిరుగుతుంది. ఆక్సైడ్ మళ్లీ రాగిగా మారే ఆ క్రమంలో ఉపరితలం నునుపు పోయి గరుకుగా, లెక్కలేనన్ని అంచులతో, గుంటలతో తయారవుతుంది. చురుకైన చోట్లు అక్కడే ఉంటాయి. వోల్టేజీ ఇంకొంచెం పెంచితే రేకు మీద సన్నటి బుడగలు మొదలవుతాయి. అవి హైడ్రోజన్. అమోనియాకు వెళ్లవలసిన ఎలక్ట్రాన్లను నీరు కాజేసిందని ప్రతి బుడగా చెబుతుంది. ఇచ్చిన ఎలక్ట్రాన్లలో ఎన్ని అమోనియాకు చేరాయన్న శాతాన్నే ఫారడే సామర్థ్యం అంటారు. ఈ రంగంలో ఎవరి ఫలితాన్నైనా ముందు ఆ అంకెతోనే తూకం వేస్తారు.

రాగికి ఉన్న లోపం తర్వాతి దశల్లో బయటపడుతుంది. నైట్రైట్ దాకా వచ్చాక మిగతా ఆక్సిజన్లను తీసి, నత్రజనికి ఒకదాని వెంట ఒకటిగా హైడ్రోజన్లను తగిలించాలి. హైడ్రోజన్ పరమాణువులను ఉపరితలం మీద పట్టి ఉంచి అందించే గుణం రాగికి తక్కువ. దాంతో నైట్రైట్ పేరుకుపోతుంది. ఇది చిన్న లోపం కాదు, ఎందుకంటే తాగునీటిలో నైట్రైట్ నైట్రేట్‌కంటే ప్రమాదకరం.

గుంటూరు మిర్చి యార్డులో లారీ నుంచి టిక్కీలు దించే దృశ్యం ఇక్కడ పనికొస్తుంది. పైనున్న హమాలీ ఎంత వేగంగా దించినా, కింద అందుకునేవాళ్లు చాలినంత మంది లేకపోతే బస్తాలు లారీ అంచునే గుట్టపడతాయి. రాగి పైనుంచి దించే మనిషి. కింద అందుకుని కాటా దగ్గరికి చేర్చే మనిషి కావాలి. కోబాల్ట్, నికెల్, రుథేనియం ఆ పని చేయగల లోహాలు. హైడ్రోజన్‌ను పట్టి అందించే గుణం వాటికి ఉంది. అందుకే ఇటీవలి రూపకల్పనల్లో చాలావరకు రాగినీ వీటిలో ఒకదాన్నీ పక్కపక్కన కూర్చోబెడుతున్నారు. రాగి మీద పుట్టిన నైట్రైట్ పక్కనున్న కోబాల్ట్ మీదికి జరిగి అక్కడ అమోనియాగా ముగుస్తుంది. రెండు లోహాల మధ్య దూరం నానోమీటర్లలో ఉండాలి. ఎక్కువైతే నైట్రైట్ దారిలోనే నీటిలోకి జారిపోతుంది.

అలాగని హైడ్రోజన్‌ను బాగా పట్టే లోహాన్ని ఎక్కువగా కలిపితే పని చెడుతుంది. ప్లాటినం లాంటిది కలిస్తే పట్టిన హైడ్రోజన్ పరమాణువులు రెండేసి జతకట్టి వాయువుగా లేచిపోతాయి. అణువును మరీ వదులుగా పట్టుకుంటే చర్య మొదలవదు, మరీ బిగించి పట్టుకుంటే వదలదు, నడిమి పట్టే సరైనదని ఫ్రెంచి రసాయనవేత్త పాల్ సబాత్యే నూరేళ్ల కిందటే చెప్పారు. ఆ నడిమి పట్టును ఇష్టం వచ్చినట్టు సర్దుకోవడానికే మిశ్రమలోహాలు. 2020లో టొరంటో శాస్త్రవేత్తలు రాగినీ నికెల్‌నూ సగం సగం కలిపి చేసిన మిశ్రమం, ఒకే వోల్టేజీ వద్ద శుద్ధ రాగికంటే ఆరు రెట్లు చురుగ్గా పనిచేసింది. నికెల్ చేరడంతో రాగి ఎలక్ట్రాన్ల శక్తిస్థాయి కొద్దిగా పైకి జరిగి, మధ్యలో ఏర్పడే అణువులను పట్టుకునే బిగువు మారడమే కారణమని వాళ్లు తేల్చారు.

ఇంకో దారి ఒంటరి పరమాణువులది. కర్బనపు పొరలో ఇనుప పరమాణువులను ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా నాటితే, ప్రతి పరమాణువూ ఒక్క నత్రజనినే పట్టుకోగలదు. రెండు నత్రజనులు పక్కపక్కన చేరి జతకట్టే వీలు లేదు కాబట్టి నత్రజని వాయువు పుట్టదు, చర్య అమోనియా వైపే నడుస్తుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో హావోతియన్ వాంగ్ బృందం 2021లో ఇలాంటి ఇనుప ఉత్ప్రేరకంతో సుమారు 75 శాతం ఫారడే సామర్థ్యం సాధించింది. 2022లో అదే బృందం రాగి నానోతీగల మీద రుథేనియం పరమాణువులను చెదరగొట్టి, చదరపు సెంటీమీటరుకు 1 ఆంపియర్ కరెంటు దగ్గర 93 శాతానికి చేర్చింది. లీటరుకు 2,000 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్న నీటిని 50 కంటే కిందికి దించి చూపింది. పరమాణువులను ఒక్కొక్కటిగా చోటు చూసి కూర్చోబెట్టి సాధించిన ఫలితమిది; ఎంత మెచ్చుకున్నా తక్కువే.

లీటరులో వంద మిల్లీగ్రాములు

పల్నాడు బోరు నీటిలో నైట్రేట్ లీటరుకు 100 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. పరిమితికి రెట్టింపుకు పైనే. ప్రయోగశాలల్లో సాధారణంగా వాడే ద్రావణంలో 6,200 మిల్లీగ్రాములు ఉంటాయి, కొన్నిసార్లు 62,000. అంటే అరవై రెట్ల నుంచి ఆరువందల రెట్ల తేడా. ఈ తేడా ఏం చేస్తుందో చూడాలి.

ఎలక్ట్రోడు, అంటే నీటిలో ముంచి కరెంటు కలిపిన లోహం, ఎంత చురుకైనదైనా నైట్రేట్ తన దగ్గరికి వచ్చినప్పుడే పట్టుకోగలదు. లోహాన్ని ఆనుకుని కదలని నీటి పొర ఒకటి ఉంటుంది. నిలకడగా ఉన్న నీటిలో దాని మందం మిల్లీమీటరులో పదోవంతు అనుకోవచ్చు. నైట్రేట్ ఆ పొరలోంచి తనంతట తాను మెల్లగా పాకుతూ రావాలి. లీటరుకు 100 మిల్లీగ్రాముల దగ్గర అలా వచ్చి చేరగల నైట్రేట్ మోయగలిగే కరెంటు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీఆంపియర్లకు కాస్త పైన. అంతే. ఉత్ప్రేరకం రుథేనియం అయినా, మామూలు రాగి రేకు అయినా ఆ హద్దు దాటదు. అంతకు మించి కరెంటు పంపితే మిగిలినదంతా హైడ్రోజన్ బుడగలకే పోతుంది. చదరపు సెంటీమీటరుకు 1 ఆంపియర్ సాధించిన ఉత్ప్రేరకం ప్రతిభ ఈ నీటిలో అక్కరకు రాదు. ఇక్కడ కావలసింది నీరు తనలోంచి దూరి ప్రవహించే నురుగులాంటి లోహం, దట్టంగా అల్లిన కర్బనపు వస్త్రం. కదలని పొరను పలచగా చేసేవి, ఉపరితలాన్ని వందల రెట్లు పెంచేవి.

డబ్బు లెక్క కూడా వేసి చూడాలి. 100 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్న వెయ్యి లీటర్ల నీటిలో ఉన్న నత్రజని 22.6 గ్రాములు. దాన్నంతా అమోనియాగా మార్చినా వచ్చేది 27 గ్రాములు. యూరియాలో చెప్పాలంటే 49 గ్రాములు. రైతుకు 45 కిలోల బస్తా సుమారు 267 రూపాయలకు దొరుకుతుంది కాబట్టి దీని విలువ 30 పైసలు. ఫారడే సామర్థ్యం 50 శాతం, ఘటం 2 వోల్టుల దగ్గర నడుస్తుందనుకుంటే కరెంటు ఖర్చు 1.4 యూనిట్లు, యూనిట్ 7 రూపాయలైతే దాదాపు 10 రూపాయలు. ఒక బస్తా యూరియాకు సరిపడా నత్రజని రాబట్టాలంటే 9 లక్షల లీటర్లకు పైగా నీటిని నడపాలి. ఎరువు కోసమైతే ఈ పని ఎవరూ చేయరు. అదే వెయ్యి లీటర్లను 50 క్యాన్లుగా చూస్తే క్యానుకు 20 పైసల ఖర్చు. తాగునీటి కోసమైతే అది మోయగలిగిన భారమే.

పొలానికి పెట్టే నీటి సంగతి వేరు. నైట్రేట్ ఉన్న నీరు చేనుకు ఎరువే. మొక్క నైట్రేట్‌ను నేరుగా తీసుకుంటుంది, దాన్ని అమోనియాగా మార్చవలసిన అవసరమే లేదు. ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి ఇస్తే 2 లక్షల లీటర్లు పడతాయి. 100 మిల్లీగ్రాముల నీటితో ఆ ఒక్క తడిలో 4.5 కిలోల నత్రజని, అంటే 10 కిలోల యూరియా, బోరులోంచే వచ్చి చేరుతుంది. నాలుగైదు తడులకు ఒక బస్తా. బోరు నీటిని పరీక్ష చేయించి, అందులో ఉన్న నత్రజనిని లెక్కగట్టి, చల్లే యూరియాను ఆ మేరకు తగ్గించుకోవడం ఏ ఉత్ప్రేరకం కంటే చవకైన పరిష్కారం. మట్టి పరీక్షతోపాటు నీటి పరీక్షనూ రైతులకు అలవాటు చేయవలసిన బాధ్యత వ్యవసాయ శాఖది, గుంటూరు లాంలో ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానిది.

సున్నం, ఉప్పు, నికెల్

కాబట్టి కరెంటుతో చేసే మార్పిడికి సరైన చోటు తాగునీరే. అక్కడ ఎదురయ్యే మొదటి శత్రువు సున్నం. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల చుట్టూ నేల కింద ఉన్నది సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నం బట్టీలు అక్కడ పుట్టింది ఆ రాయి వల్లే, బోరు నీరు అంత కఠినంగా ఉండేదీ దాని వల్లే. నైట్రేట్ అమోనియాగా మారేటప్పుడు క్యాథోడు (రుణధ్రువం) దగ్గర క్షారం పుడుతుంది. ఒక్కో నైట్రేట్‌కు తొమ్మిది హైడ్రాక్సైడ్ అయాన్లు. నీటిలో కరిగి ఉన్న కాల్షియం ఆ క్షారాన్ని తాకగానే కార్బొనేట్‌గా గడ్డకట్టి లోహం మీదే పేరుకుంటుంది. ప్లాంటు వెనక గొట్టం మూతికి పట్టిన ఆ తెల్లటి పొరే, నానోమీటర్ల లెక్కన తీర్చిదిద్దిన ఉపరితలాన్ని కప్పేస్తుంది. దాని కింద రాగి ఉన్నా, రుథేనియం ఉన్నా ఒకటే.

ఇందులో మెలిక ఏమిటంటే, పుట్టిన అమోనియాను బయటికి తీయడానికి అదే క్షారం కావాలి. తాగునీటిలో అమోనియాకు భారత ప్రమాణం లీటరుకు అర మిల్లీగ్రాము మాత్రమే. నైట్రేట్‌ను అమోనియాగా మార్చి అలాగే వదిలేస్తే ఒక గీత కిందికి వచ్చి ఇంకో గీత దాటినట్టే. నీటి క్షారతను చెప్పే పీహెచ్ అంకె 11 దాటితే అమోనియా దాదాపు అంతా వాయు రూపంలోకి వస్తుంది. అప్పుడు వాయువును మాత్రమే పోనిచ్చే పొర గుండా పంపి, అవతల గంధకామ్లంలో పట్టుకుంటే అమ్మోనియం సల్ఫేట్ తయారవుతుంది. మనం అంగడిలో కొనే ఎరువే అది. అమోనియాకు మేలు చేసే క్షారమే ఎలక్ట్రోడుకు సున్నం పట్టిస్తుంది. కఠిన జలంలో ఈ రెంటినీ ఒకే ఘటంలో సర్దడం చాలా కష్టం.

రెండో చిక్కు లోహం కరగడం. తాగునీటిలో నికెల్ లీటరుకు 0.02 మిల్లీగ్రాములకు మించకూడదు. రాగికి కోరదగిన పరిమితి 0.05. రాగి-నికెల్ మిశ్రమం ఎంత చురుకైనదైనా, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఉపరితలం కొద్దిగా ఆక్సీకరణ చెంది కొంత లోహం నీటిలోకి పోతుంది. కరెంటు కోతలు లేని ప్రయోగశాలలో వంద గంటలు నడిపి చూపిన స్థిరత్వం ఊరి షెడ్డులో నిలుస్తుందన్న భరోసా ఏమీ లేదు. తాగే నీరు నేరుగా తగిలే చోట ఇనుము, టైటానియం లాంటివే నమ్మదగినవి. 2020లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బృందం సాదా టైటానియంతోనే 82 శాతం ఫారడే సామర్థ్యం చూపింది. అది ఆమ్ల ద్రావణంలో, ఎక్కువ నైట్రేట్‌తో వచ్చిన ఫలితమన్నది మరవకూడదు.

ఇన్ని అడ్డంకుల మధ్య దారి లేకపోలేదు. నైట్రేట్‌ను పట్టే రెసిన్ గుళికలతో నింపిన స్తంభం గుండా బోరు నీటిని పంపితే, నైట్రేట్ రెసిన్‌కు అంటుకుని దాని బదులు క్లోరైడ్ నీటిలోకి వస్తుంది. కాల్షియం ధనావేశం ఉన్నది కాబట్టి రెసిన్ దాన్ని ముట్టుకోదు. రెసిన్ నిండాక చిక్కటి ఉప్పునీటితో కడిగితే నైట్రేట్ అంతా ఆ ఉప్పునీటిలోకి దిగుతుంది, లీటరుకు వేల మిల్లీగ్రాముల గాఢతతో. ఇప్పుడు ఎలక్ట్రోడు పనిచేయవలసింది ఆ ఉప్పునీటిలో. నైట్రేట్ చిక్కగా ఉంది కాబట్టి కదలని పొర హద్దు చాలావరకు తొలగిపోతుంది. కాల్షియం చాలా తక్కువ కాబట్టి సున్నం బెడద తగ్గుతుంది, పీహెచ్‌ను ధైర్యంగా పెంచి అమోనియాను లాగేయవచ్చు. నైట్రేట్ పోయిన ఉప్పునీటినే మళ్లీ రెసిన్ కడగడానికి వాడుకోవచ్చు. లోహం కాస్త కరిగినా అది నేరుగా క్యానులోకి పోదు. ఇప్పుడు ఊళ్లలో నడుస్తున్న ప్లాంట్ల వెనక గొట్టంలోంచి పోయే నీటికి ఈ లాభాలు లేవు. సగం నీరు ముందుకు, సగం వెనక్కు పోయే ప్లాంటులో అక్కడి నైట్రేట్ బోరు నీటికంటే రెట్టింపు మాత్రమే ఉంటుంది, సున్నమూ రెట్టింపవుతుంది.

ఈ పద్ధతిలో మిగిలే శత్రువు ఉప్పే. క్లోరైడ్ అయాన్లు రాగిని తినేస్తాయి, చురుకైన చోట్లను నైట్రేట్ కంటే ముందే ఆక్రమిస్తాయి. ఆనోడు (ధనధ్రువం) దగ్గర అవి క్లోరిన్‌గా మారి, ఆ క్లోరిన్ అమోనియాను తాకితే క్లోరమిన్లుగా, చివరికి నత్రజని వాయువుగా మార్చేస్తుంది. కష్టపడి చేసిన అమోనియా గాలిపాలవుతుంది. అందుకే రెండు ధ్రువాల మధ్య అయాన్లను మాత్రమే పోనిచ్చే పొర తప్పనిసరి, ఖర్చులో పెద్ద వాటా దానిదే. పల్నాడుకు ఉత్ప్రేరకం తయారు చేయాలనుకునేవారు అడగవలసిన ప్రశ్న ఇక్కడ స్పష్టమవుతుంది: లీటరుకు 50 గ్రాముల ఉప్పు ఉన్న క్షార జలంలో, కరెంటు వస్తూ పోతూ ఉంటే, రాగి పక్కన కూర్చున్న కోబాల్ట్ ఎన్ని నెలలు నిలుస్తుంది? పైపూత లేని రాగి కంటే కర్బనంలో నాటిన ఒంటరి ఇనుము మేలా? ఫారడే సామర్థ్యాన్ని వంద శాతానికి ఇంకో రెండు శాతం చేరువ చేయడం కంటే ఈ ప్రశ్నలకు జవాబు వెతకడం ఎక్కువ ఉపయోగకరం.

పరీక్షించే తీరులోనూ జాగ్రత్త కావాలి. అమోనియా ఎంత పుట్టిందో చూడడానికి ప్రయోగశాలల్లో వాడే చవకైన పద్ధతి ఇండోఫినాల్ పరీక్ష. నమూనాలో శాలిసిలేట్, హైపోక్లోరైట్ కలిపి వేచి చూస్తే అమోనియా ఉన్నకొద్దీ లేత ఆకుపచ్చ నుంచి ముదురు నీలం దాకా రంగు తిరుగుతుంది. ఆ నీలాన్ని చూస్తే ఎవరికైనా ఉత్సాహం కలుగుతుంది. అయితే గదిలోని గాలి, చేతి తొడుగులు, ముందు ప్రయోగంలో అమోనియాను పీల్చుకున్న పొర, ఇవన్నీ అదే నీలాన్ని కొద్దిగా ఇవ్వగలవు. ఉత్ప్రేరకాన్ని లోహపు నైట్రేట్ లవణం నుంచి తయారు చేసి సరిగా కడగకపోతే, అందులో మిగిలిన నైట్రేట్ కూడా అమోనియాగా మారి లెక్కలోకి వస్తుంది. అందుకే 15 ద్రవ్యరాశి ఉన్న నత్రజనితో చేసిన నైట్రేట్‌ను వాడి, వచ్చిన అమ్మోనియంను అయస్కాంత అనునాద యంత్రంలో చూస్తారు. మామూలు నత్రజని అయితే సంకేతం మూడుగా చీలుతుంది, 15 అయితే రెండుగా. రెండు శిఖరాలు కనిపిస్తేనే అమోనియా తాను పోసిన నైట్రేట్ నుంచి వచ్చిందని పరిశోధకుడు ధీమాగా చెప్పగలడు.

విజయవాడ, గుంటూరుల చుట్టుపక్కల ఈ పని చేయగల చోట్లకు కొదవ లేదు. నంబూరు దగ్గర ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది, అమరావతి ప్రాంతంలో ఎస్‌ఆర్‌ఎం, విట్ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, ఇంజనీరింగ్ కళాశాలలు లెక్కకు మిక్కిలి. రసాయన శాస్త్రంలో ప్రాజెక్టు పని చేసే విద్యార్థికి పెద్ద యంత్రాలు లేకపోయినా ఒక పొటెన్షియోస్టాట్ (వోల్టేజీని అదుపులో ఉంచే పరికరం), రంగు కొలిచే పరికరం, కాల్చిన రాగి రేకు ఉంటే మొదలుపెట్టవచ్చు. ద్రావణం మాత్రం సీసాలోని శుద్ధ పొటాషియం నైట్రేట్‌తో కలపకూడదు. రొంపిచర్లలోనో, కారంపూడిలోనో ఒక బోరు నుంచి 20 లీటర్లు తెచ్చి, రెసిన్ గుండా పంపి, కడిగిన ఉప్పునీటిలో ఆ రేకును ముంచాలి. మొదటి గంట తర్వాత నైట్రేట్, నైట్రైట్, అమోనియా, కరిగిన రాగి ఈ నాలుగింటినీ కొలవాలి. పదో గంటకు, వందో గంటకు, మధ్యలో కావాలని రెండుసార్లు కరెంటు ఆపి మళ్లీ పెట్టాక కూడా అవే కొలవాలి. నాలుగు అంకెలూ ఒకే పట్టికలో పక్కపక్కన ఉంటే ఆ రేకు ఊరి షెడ్డుకు పనికొస్తుందో లేదో చూడగానే తెలిసిపోతుంది.